స్ప్రింగ్‌స్టీన్ పాత సోల్ పాటల ఆల్బమ్ విన్నారా? నాకు సగమే ఎక్కింది, తప్పు నాదా ఆయనదా?

ఎడిసన్_శీను:
అందరికీ నమస్తే. తెలుగులో రాక్ గురించి మాట్లాడుకునేవాళ్ళు మనం పదిమంది ఉంటే గొప్ప, ఆ పదిమందినే అడుగుతున్నా.

మేముండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. ఇక్కడ మనవాళ్ళ బిర్యానీ హోటళ్ళకి లెక్కే లేదు, కానీ కాస్త కిందికి కారు తోలితే వచ్చే ఫ్రీహోల్డే రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పెరిగిన ఊరని నాకు చాలా ఏళ్ళు తెలీనే తెలీదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, పుట్టి పెరిగింది అంతా ఈ స్టేట్‌లోనే, బ్రూస్ పేరెత్తితే చాలు మన ఊళ్ళో పెద్దవాళ్ళు ఎన్టీఆర్ గురించి మొదలుపెట్టినట్టు మొదలుపెడతాడు, ఇక లంచ్ టైమ్ అయిపోయినట్టే. ఆయన పోరు పడలేక బార్న్ టు రన్ ఆల్బమ్ నుంచి వరసగా వింటూ వచ్చా, నెబ్రాస్కా (ఇంట్లో ఒక్కడే కూర్చుని క్యాసెట్ మీద పాడుకున్న ఆల్బమ్) దగ్గర నెల రోజులు ఆగిపోయా, అంత నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. 2022 నవంబర్‌లో వచ్చిన ఓన్లీ ది స్ట్రాంగ్ సర్వైవ్ విన్నా. 15 పాటలు, ఒక్కటి కూడా ఆయన రాసింది కాదు, అన్నీ పాత సోల్ పాటలు (అమెరికా నల్లజాతి గాయకుల సంగీతం), ఎక్కువ 60లవీ 70లవీ. అప్పటికి ఆయనకి 73. మొదటిసారి కార్లో విన్నప్పుడు భలే ఉందనిపించింది, ఆ గొంతులో ఇంత దమ్ము ఇంకా ఉందా అని. తర్వాత బుద్ధి తక్కువై ఒరిజినల్స్ అన్నీ వెతికి ఒక ప్లేలిస్ట్ పెట్టి, ఒరిజినల్ ఒకటి ఈయనది ఒకటి పక్కపక్కన విన్నా. అంతే, మూడ్ పోయింది. మక్కీకి మక్కీ దించేశాడు, అదే హారన్లు (బాకాలు) అదే తాళం అదే చోట కోరస్, గొంతు ఒక్కటే వేరు. నెబ్రాస్కా చేసిన మనిషి ఇలా ఎందుకు చేశాడో అర్థం కాలేదు. పెద్దాయన్ని అడిగితే నీకు సోల్ అంటే తెలీదు పొమ్మన్నాడు. నిజమే, తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి, నేను ఏం మిస్ అవుతున్నా?

పాతరికార్డు_మావయ్య:
శీనూ, ముందు నువ్వు చేసిన తప్పు చెప్తా. పక్కపక్కన పెట్టి వినడం. అలా వింటే ఎవడూ బతకడు. ఫోర్ టాప్స్ గ్రూపు గాయకుడు లెవై స్టబ్స్ పాడిన పాట పక్కన ఎవర్ని పెట్టినా ఓడిపోతాడు, ఆ సంగతి బ్రూస్‌కి నీకన్నా నాకన్నా బాగా తెలుసు.

సరే, ఈ పాటల వెనకాల కొంచెం కథ చెప్తా, విశాఖలో వాన పడుతోంది, బయటికి వెళ్ళే పని లేదు.

ఆల్బమ్ పేరు పెట్టిన పాట జెర్రీ బట్లర్‌ది, 1968 ఆల్బమ్‌లోది, ఫిలడెల్ఫియా రచయితల జంట గ్యాంబుల్, హఫ్‌తో కలిసి ఆయనే రాశాడు. మరుసటేడే ఎల్విస్ కూడా దాన్ని మెంఫిస్‌లో రికార్డు చేశాడు. అంటే బ్రూస్ చేతికొచ్చేసరికి ఆ పాటకి ఆల్రెడీ ఒక పెద్ద కవర్ (ఒకరి పాటని ఇంకొకరు మళ్ళీ పాడటం) ఉంది. బట్లర్ ఆ తర్వాత షికాగోలో కౌంటీ బోర్డు కమిషనర్‌గా ఏళ్ళ తరబడి పనిచేశాడు, పాటగాడు రాజకీయాల్లోకి రావడం మనకే కాదన్నమాట.

కానీ నాకు ఈ ఆల్బమ్‌లో అసలు రుచి డూ ఐ లవ్ యూ అనే పాటలో ఉంది. అది ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో పాడింది, డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ వాళ్ళ సోల్ అనే లేబుల్ మీద. ప్రచారం కోసం ముందే పంచే ప్రోమో కాపీలు కొన్ని వందలు కొట్టారు, తర్వాత విడుదలే ఆపేసి దాదాపు అన్నీ నాశనం చేసేశారు. విల్సన్ పాడటం వదిలేసి ప్రొడ్యూసర్ అయిపోయాడు, సుప్రీమ్స్, ఫోర్ టాప్స్ అనే మోటౌన్ గ్రూపులకి పనిచేశాడు, పాట సంగతి అమెరికాలో అందరూ మర్చిపోయారు. ఎలాగో ఒకటి రెండు కాపీలు బయటపడి ఇంగ్లండ్ చేరాయి. అక్కడ ఉత్తరాది ఊళ్ళలో, విగన్ లాంటి చోట్ల, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు శనివారం రాత్రి క్లబ్బుల్లో తెల్లారేదాకా ఈ పాత అమెరికన్ సోల్ పాటలకి డాన్సులు వేసేవాళ్ళు, ఎవడి దగ్గర ఎవరికీ దొరకని రికార్డుంటే ఆ డీజే రాజు. ఆ లోకంలో ఈ పాట దేవుడైపోయింది. 2009లో ఒక కాపీ 25 వేల పౌండ్లు దాటి అమ్ముడైంది, ఒక పాట, ఒక ఏడంగుళాల ముక్క. అలాంటి పాటని బ్రూస్ ఏరుకుని, ఆల్బమ్ నుంచి మొట్టమొదట బయటికొదిలింది దాన్నే. హిట్టు పాటలు పాడి సొమ్ము చేసుకుందామనుకున్నవాడు ఇలాంటిది ఏరుకోడు బాబూ. ఎవరికీ పట్టకుండా పోయిన పాటని ఇంత పెద్ద పేరున్నవాడు ఎత్తుకుని ఊరంతా వినిపిస్తే నాకు ఉన్నదున్నట్టు పాడినా చాలు, సంతోషం.

ఇంకోటి, ది సన్ ఎయింట్ గానా షైన్ ఎనీమోర్ ఉంది కదా, వాకర్ బ్రదర్స్ వల్ల లోకానికి తెలిసింది కానీ 1965లో మొదట పాడింది ఫ్రాంకీ వ్యాలీ. ఆయనదీ మీ న్యూజెర్సీయే, న్యూఆర్క్. మీ పెద్దాయనకి ఈ పాయింట్ చెప్పు, రేపటి లంచ్ ఆయనే కొంటాడు.

బేస్_వంశీ:
మావయ్యా కథలు సూపర్, నాకు మాత్రం శీను అన్నది కరెక్టే అనిపిస్తుంది, కాకపోతే కారణం వేరు.

నేను హైదరాబాద్‌లో వీకెండ్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తా, ఈ మోటౌన్ పాటలు నేర్చుకోడానికి వేళ్ళు అరిగిపోయాయి. ఆ ఒరిజినల్స్‌లో ఉన్నది గొంతొక్కటే కాదు. డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇంటిని స్టూడియో చేశారు, కింద ఇరుకు గది, దాన్ని పాముల గుంట అనేవాళ్ళు, అందులో ఫంక్ బ్రదర్స్ అని ఒక గ్యాంగు, పగలు ఇక్కడ రికార్డింగు రాత్రి క్లబ్బుల్లో జాజ్. జేమ్స్ జేమర్సన్ బేస్ మొత్తం ఒక్క వేలితో లాగేవాడు, నమ్మరు కానీ నిజం. వాళ్ళంతా ఒకే గదిలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ వాయించినప్పుడు ఒకడు కొంచెం ముందుకెళ్తాడు ఒకడు కొంచెం వెనక లాగుతాడు, ఆ లాగుడులోనే ఊపంతా ఉంది.

ఈ ఆల్బమ్‌లో ప్రొడ్యూసర్ రాన్ అనియెల్లో, డ్రమ్స్ ఆయనే, బేస్ ఆయనే, గిటార్ ఆయనే, కీబోర్డు ఆయనే. దాని పైన హారన్లు, స్ట్రింగ్స్, వెనక పాడేవాళ్ళు విడిగా వచ్చి చేరారు. ఆయన బాగా వాయించాడు, తప్పు పట్టడానికి లేదు, కానీ ఒక్కడే తనతో తను కబడ్డీ ఆడినట్టు ఉంటుంది. సెవెన్ రూమ్స్ ఆఫ్ గ్లూమ్ వినండి, ఒరిజినల్ ఫోర్ టాప్స్‌ది, 1967, అది వింటే ఇల్లు నిజంగానే మీద పడుతున్నట్టు ఉంటుంది, ఇందులో ఇల్లు శుభ్రంగా సున్నం కొట్టినట్టు ఉంది. ‘ఇ స్ట్రీట్ బ్యాండ్’ అనే సొంత బ్యాండు ఇంట్లో పెట్టుకుని (అందులో హారన్ల వాళ్ళని మాత్రం పిలిచాడు) వాళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి వాయించమంటే ఈ గొడవే ఉండేది కాదు కదా అని నా ఏడుపు.

రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాళ్ళు 2016లో బ్లూ అండ్ లోన్‌సమ్ అని పాత బ్లూస్ పాటల ఆల్బమ్ తెచ్చారు, మూడు రోజుల్లో లండన్‌లో లైవ్‌గా కొట్టేశారు, పక్క స్టూడియోలో ఉన్న ఎరిక్ క్లాప్టన్ వచ్చి రెండు పాటలకి గిటార్ వాయించి వెళ్ళాడు. అందులో తప్పులున్నాయి, కానీ ప్రాణం ఉంది.

శారద_వీణ:
నేను రాక్ పెద్దగా వినను, మా అబ్బాయి వల్ల అప్పుడప్పుడు చెవిన పడుతుంది, కానీ ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయా. శీను గారూ, మీ బాధ మా సంగీతంలో రోజూ ఉండేదే. మాకు కచేరీ అంటేనే అన్నీ కవర్లు కదండీ :) త్యాగరాజస్వామి కృతిని ఈ 200 ఏళ్ళలో ఎన్ని వేలమంది పాడారో, దాన్నెవరూ కవర్ అనరు. గురువు దగ్గర నేర్చుకున్నది పాఠాంతరం, దాని మీద తను చేసేది మనోధర్మం. పాఠాంతరం ఒక్కటే పాడి దిగిపోతే పిల్లవాడు బాగా నేర్చుకున్నాడమ్మా అంటారు, విద్వాంసుడని మాత్రం అనరు. మీరు చెప్పిందాన్ని బట్టి ఈయన పాఠాంతరం చక్కగా అప్పజెప్పి మనోధర్మం ఇంట్లో పెట్టి వచ్చారన్నమాట.

మా అబ్బాయి ఇదే మనిషి ఇంకో ఆల్బమ్ వినిపించాడు ఒకసారి, అందులో ఫిడేలు, అకార్డియను, బాకాలు, జాతరలా గోల గోలగా, నాకది భలే నచ్చింది. దాని పేరేంటో గుర్తులేదు.

పాతరికార్డు_మావయ్య:
@శారద గారూ అది వీ షల్ ఓవర్‌కమ్, సీగర్ సెషన్స్ అంటారు, 2006. పీట్ సీగర్ అనే జానపద గాయకుడు పాడి ప్రచారం చేసిన పాటలు. మీరు మంచి చోట పట్టుకున్నారు. అదీ కవర్ ఆల్బమే, మనిషీ ఒకడే, మరి అందులో అంత స్వేచ్ఛ ఎందుకు తీసుకున్నాడు, ఇందులో ఎందుకు తీసుకోలేదు?

నాకు తోచింది చెప్తా. అందులోని జాన్ హెన్రీ లాంటి పాటకి ఇదీ ఒరిజినల్ అని చూపించడానికి రికార్డు లేదు, నోటి నుంచి నోటికి వచ్చింది, ఎవడెలా పాడినా చెల్లుతుంది. మోటౌన్ పాట అలా కాదు. అది రాసిన కాగితం మీద లేదు, ఆ రికార్డులోనే ఉంది, ఆ టాంబరిన్ దెబ్బ, ఆ నిట్టూర్పు, అన్నీ కలిస్తేనే ఆ పాట. మన దగ్గరా అంతే కదా, కోతపాటో కోలాటం పాటో నువ్వు నీ ఇష్టమొచ్చినట్టు తిప్పి పాడు, ఎవరూ ఏమీ అనరు. అదే ఘంటసాల గారి పాట స్టేజీ మీద ఒక సంగతి, అంటే ఒక చిన్న మలుపు, మార్చి పాడు, ముందు వరసలో పెద్దాయన లేచి నిలబడతాడు. బాలు గారంతటివారు ఘంటసాల పాటలు పాడినప్పుడు కూడా ఎంత ఒద్దికగా పాడేవారో చూశాం. అది చేతకాక కాదు కదా. బ్రూస్ చిన్నప్పుడు రేడియోలో విన్న పాటలివి, ఆయనకి వీళ్ళు ఘంటసాలలు.

ఎడిసన్_శీను:
ఈ ఘంటసాల పోలిక నాకు చటుక్కున తగిలింది మావయ్యా. మా నాన్న పెళ్ళిళ్ళలో పాడేవాడు, ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంటర్‌లూడ్ ఒక్క బిట్ మార్చినా మొహం ముడుచుకునేవాడు, మేమంతా నవ్వేవాళ్ళం.

అయినా నా డౌట్ పూర్తిగా పోలేదు. బాబ్ డిలన్ 2015లో పాతకాలం గాయకుడు ఫ్రాంక్ సినాత్రా పాడిన పాటలు పది తీసుకుని ఆల్బమ్ చేశాడు కదా, షాడోస్ ఇన్ ద నైట్. అవి కూడా రికార్డులో గడ్డకట్టిన పాటలే, పైగా సినాత్రా రికార్డు చేసిన క్యాపిటల్ స్టూడియోలోనే కూర్చుని చేశాడు. కానీ ఆర్కెస్ట్రా మొత్తం తీసేసి ఐదుగురు వాయిద్యగాళ్ళతో, వయొలిన్లు ఉండాల్సిన చోట పెడల్ స్టీల్ గిటార్ పెట్టి, ఏమీ అతికించకుండా లైవ్‌గా పాడేశాడు. 73 ఏళ్ళే అప్పుడు ఆయనకీ. గొంతు గరగరలాడుతుంది, అయినా వింటుంటే ఆ పాట ఇప్పుడే ఆయనకి జరిగినట్టు ఉంటుంది. గౌరవం అంటే మార్చకపోవడమే అనుకుంటే మరి డిలన్‌ది గౌరవం కాదా?

లా_పాయింట్_రాజు:
మధ్యలో చిన్న టాపిక్ డైవర్షన్, ఎవరూ అడగలేదు కానీ చెప్తా, నా వృత్తి అది.

అమెరికాలో ఒకసారి పాట రికార్డుగా విడుదలైందంటే ఇంకెవరైనా కవర్ చేసుకోవచ్చు, రాసినవాడి అనుమతి అక్కర్లేదు, చట్టం చెప్పిన రేటు కడితే చాలు. ఈ ఆల్బమ్ వచ్చిన 2022లో ఆ రేటు కాపీకి పాటకి 9.1 సెంట్లు, 2006 నుంచి అదే, 2023లో 12 సెంట్లు చేశారు (సీడీ, ఎల్పీ, డౌన్‌లోడ్‌లకి, స్ట్రీమింగ్ లెక్క వేరే). కిటుకు ఏంటంటే బాణీ మౌలిక స్వరూపం మార్చకూడదు, మార్చాలంటే అడగాలి. మన ఇండియా చట్టంలో 2012 సవరణలో 31సి అని పెట్టారు, అసలు రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు ఆగాలి, ఏడాదికి కనీసం 50 వేల కాపీలకి రాయల్టీ ముందే కట్టాలి. యూట్యూబ్‌లో లోఫై కవర్లు చేసే పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసో నాకు అనుమానమే.

ఇంకో సంగతి, ఆ డబ్బు వెళ్ళేది పాట రాసినవాళ్ళకీ పబ్లిషర్లకీ. మొదట పాడినవాడికి పైసా రాదు. జెర్రీ బట్లర్ తనే సహరచయిత కాబట్టి సరిపోయింది, లెవై స్టబ్స్ లాంటి గొంతుకి ఏమీ లేదు. పాడినవాడికి దక్కేది, ఇదిగో, మీలాంటివాళ్ళు ఒరిజినల్ వెతుక్కుని వినడమే.

రాత్రి_డ్యూటీ:
ఈ థ్రెడ్ రెండ్రోజులుగా చదువుతున్నా, అకౌంట్ ఇప్పుడే తెరిచా, తప్పులుంటే క్షమించండి. నేను డాలస్‌లో నర్సుని, నైట్‌షిఫ్ట్. ఈ ఆల్బమ్‌లో ఆ పేరుతోనే ఒక పాట ఉంది, ప్లేలిస్ట్‌లో అదే తగిలింది, నవ్వుకుంటూ నొక్కా. బ్రేక్‌లో విన్నా. తర్వాత అది దేని గురించో చదివి మళ్ళీ విన్నా.

1984లో జనవరిలో సోల్ గాయకుడు జాకీ విల్సన్ పోయాడు, ఏప్రిల్ 1న ఇంకో పెద్ద సోల్ గాయకుడు మార్విన్ గేని సొంత తండ్రే కాల్చి చంపాడు. మరుసటేడు కమొడోర్స్ అనే బ్యాండు వాళ్ళిద్దరి కోసం ఈ పాట తెచ్చింది, మీరు వెళ్ళిపోయిన ఆ చోట కూడా రాత్రి డ్యూటీలో పాడుతూనే ఉండి ఉంటారు అన్నట్టు. వాళ్ళ గాయకుడు లయనెల్ రిచీ అప్పటికే బ్యాండ్ వదిలేశాడు, వాళ్ళే ఒక పెద్ద మనిషిని పోగొట్టుకుని ఉన్న టైమ్ అది. వాళ్ళది వింటే వీడ్కోలు పార్టీలా ఉంటుంది, మెత్తగా, హాయిగా.

బ్రూస్‌ది వాయిద్యాలన్నీ దాదాపు అవే, శీను గారన్నట్టు. కానీ పాడేవాడి పరిస్థితి చూడండి. 2008లో ఆయన ఆర్గాన్ వాయించే డానీ ఫెడెరిచి పోయాడు, 2011లో శాక్సాఫోన్ క్లారెన్స్ క్లెమన్స్ పోయాడు. 2018లో జార్జ్ థైస్ పోయాక, కుర్రాడిగా ఉన్నప్పుడు చేరిన కాస్టీల్స్ అనే బ్యాండులో మిగిలింది తనొక్కడే, దాని మీదే 2020 ఆల్బమ్‌లో పాట కూడా రాసుకున్నాడు. అలాంటి మనిషి ఈ పాట పాడితే అందులో మార్చడానికి ఏముంది అండీ. పేర్లు మార్విన్, జాకీ అనే పలుకుతాడు కానీ నాకు వేరే పేర్లు వినపడ్డాయి. శారద గారు మనోధర్మం లేదన్నారు, నాకు సంగీతం రాదు, కానీ నోట్లన్నీ అవే ఉన్నా పాడే మనిషి మీద గడిచిన ఏళ్ళు కూడా లెక్కలోకి రావా అని అడగాలనిపించింది.

సామ్ మూర్‌తో పాడిన రెండు పాటలు కూడా వినండి, సోల్ డేస్ ముఖ్యంగా. 60ల్లో ఆయన పాడిన సామ్ అండ్ డేవ్ అంటే ఎలాంటి జంటో మావయ్య గారు చెప్పాలి. ఆ రికార్డింగ్ నాటికి ఆయనకి 80 దాటేశాయి. 2025 జనవరిలో ఆయన కూడా పోయారు.

శారద_వీణ:
వస్తాయమ్మా, లెక్కలోకి వస్తాయి. మా గురువుగారు ఆఖరి రోజుల్లో పై షడ్జం అందక కింద స్థాయిలోనే పాడేవారు, నెరవు లేదు స్వరం లేదు, అంటే మనోధర్మమేమీ లేదు, ఉత్త కృతి, చరణం దగ్గర అందరం ఏడ్చాం. నేనన్న మాట కొంచెం తొందరపడి అన్నా. ఆ పాట లింకు మా అబ్బాయికి పంపి వినిపించమంటా.

బేస్_వంశీ:
నైట్‌షిఫ్ట్ ఓకే, ఒప్పుకుంటున్నా. సోల్ డేస్ కూడా ఓకే. సెవెన్ రూమ్స్ మాత్రం ఒప్పుకోను, సున్నం సున్నమే 😄 15 పాటల్లో 5 తీసేసి 10 పెట్టుంటే ఈ థ్రెడ్ ఉండేది కాదు.

పాతరికార్డు_మావయ్య:
సామ్ అండ్ డేవ్ స్టాక్స్ లేబుల్ జంట, 1967లో సోల్ మ్యాన్ వాళ్ళదే, స్టేజీ మీద చెమటలు కారిపోయేలా పాడేవాళ్ళు, ఒకళ్ళతో ఒకళ్ళు మాటల్లేకుండా ఏళ్ళు గడిపి కూడా పాడేవాళ్ళు, అదో పెద్ద కథ, విడిగా రాస్తా. బ్రూస్ 1992 ఆల్బమ్ హ్యూమన్ టచ్‌లోనూ సామ్ మూర్ గొంతుంది, అంటే 30 ఏళ్ళ పరిచయం, ఆల్బమ్ అమ్ముడుపోవాలని పిలిచిన గెస్టు కాదు.

శీనూ నీ డిలన్ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రెండూ నా అల్మరాలో ఉన్నాయి, డిలన్‌ది రాత్రి ఒక్కణ్ణే ఉన్నప్పుడు తీస్తా, బ్రూస్‌ది మీ అత్త వంటింట్లో ఉన్నప్పుడు పెడతా, ఆవిడ గరిటెతో తాళం వేస్తుంది.

ఎడిసన్_శీను:
అప్‌డేట్. నిన్న పెద్దాయనకి ఫ్రాంకీ వ్యాలీ పాయింట్ చెప్పా. లంచ్ కొనలేదు కానీ ఆ పాట క్యాంటీన్లో గట్టిగా పాడాడు, ఫాల్సెటో కీచుగొంతుతో సహా, హెచ్ఆర్ ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది. ఇంటికొచ్చేటప్పుడు పక్కపక్కన పోలికలు పెట్టకుండా నైట్‌షిఫ్ట్ ఒక్కటే మూడుసార్లు విన్నా, దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది.

మావయ్యా, ఊరికే అడుగుతున్నా, ఆ ఫ్రాంక్ విల్సన్ ఒరిజినల్ ఏడంగుళాల రికార్డు మీ దగ్గర గానీ ఉందా?

పాతరికార్డు_మావయ్య:
ఉంటే నీతో ఇక్కడ టైపింగ్ చేస్తూ ఎందుకు కూర్చుంటా నాయనా, భీమిలిలో సముద్రం కనపడే ఇల్లు కొనుక్కుని ఫోన్ స్విచ్చాఫ్ చేసుండేవాణ్ణి.